ఎమిలీ టీచర్ ఎప్పుడూ వెళ్ళిపోదు

ధరణి అక్కను పేరు పెట్టి పిలిస్తే పలకదు. రెండోసారి గట్టిగా పిలిస్తే, పక్కనెవరినో పిలుస్తున్నారన్నట్టు అటూ ఇటూ చూసి, అప్పుడు ఉలిక్కిపడి "ఆఁ" అంటుంది. అదే ఎమిలీ అని పిలిచి చూడండి. వీపు మనవైపు ఉన్నా, కుళాయి కింద గిన్నెలు కడుగుతున్నా, ఠక్కున తిరుగుతుంది. ఆటపట్టించడానికి నేనిది చాలాసార్లు చేశాను. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రావడం మానేసింది.

కెనడాలో, విన్నిపెగ్‌లో వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటాను. కాలేజీ సగంలో వదిలేసి పార్సిళ్ళ వ్యాన్ నడుపుతున్నాను. నా సంగతి ఇంతకు మించి అక్కర్లేదు. పైన అక్క, వాళ్ళమ్మ సరోజన ఆంటీ ఉంటారు. వరంగల్ వాళ్ళు. అక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడే వచ్చేశారు. ఇక్కడే చదివింది, ఇక్కడే డిగ్రీ చేసింది, ఉద్యోగం మాత్రం ఇక్కడ దొరకలేదు. కెనడా పాస్‌పోర్టూ, ఏదో ఒక డిగ్రీ ఉంటే కొరియాలో ఇంగ్లీషు టీచర్‌గా తీసుకుంటారని ఎవరో చెబితే వెళ్ళింది. మూడేళ్ళుండి, ఆంటీ మోకాలి ఆపరేషన్‌కని తిరిగొచ్చింది.

తిరిగొచ్చిందని మనం అనుకోవాలి. అక్కడి పిల్లలకు ఆ సంగతి తెలియదు.

ఈ ఊళ్ళో ప్రతి ఇంటి కిందా ఫర్నెస్ ఉంటుంది. వేడిగాలి రేకు గొట్టాల్లోంచి గదిగదికీ పోతుంది. వేడి పైకి పోతుంటే, అదే గొట్టంలోంచి పైవాళ్ళ మాటలు కిందికొస్తాయి. నా గదికి సరిగ్గా పైన అక్క చిన్నగది. చలికాలం నాలుగున్నరకల్లా చీకటి పడుతుంది. సరిగ్గా అప్పుడే గొట్టంలోంచి వినపడేది: "హాయ్! దిస్ ఈజ్ ఎమిలీ!"

ఆ గొంతు అక్కది కాదు. అక్కది కాస్త బొంగురు, మాట నిదానం. ఇది పలచగా, తళతళలాడుతూ ఉండేది. వచ్చిన కొత్తలో పైన ఇంకో అమ్మాయి కూడా ఉంటోందేమో అనుకున్నాను. ఒకరోజు ఆంటీని అడిగితే ఆవిడ నావైపు చూడకుండా చిక్కుడుకాయలు తుంచుతూ, "ఉంటది. నాలుగున్నరకొస్తది, ఐదున్నరకు పోతది" అంది.

అక్కడి పిల్లలకు బడికి వెళ్ళేముందు ఫోన్‌లో కాసేపు ఇంగ్లీషు మాట్లాడించే అలవాటుంది. మనకు సాయంత్రమైతే వాళ్ళకు మర్నాడు పొద్దున. అంటే మనకింకా రాని రోజులో కూర్చుని ఆ పిల్లలు మాట్లాడేవారు, కిందనుంచి నేను వినేవాణ్ణి. నాకదేమీ బాగుండేది కాదు.

భోజనాల దగ్గర అక్కను గుచ్చి గుచ్చి అడిగితే ఒక్కొక్కటే చెప్పింది.

గున్‌సాన్ అనే ఊరు. సముద్రం పక్కన. రెండో అంతస్తులో ట్యూషన్ సెంటరు, దాన్ని నడిపే డైరెక్టరమ్మ. మొదటిరోజు అక్క చెయ్యి చాచి, "నా పేరు ధరణి" అంది. ఆవిడ ఎంతో మర్యాదగా వంగి, "అవును, ఎమిలీ" అంది.

"అదేంటక్కా, తిరగబడలేదా?"

"తిరగబడడానికి ఏముందిరా? తలుపు మీద ఆల్‌రెడీ ఎమిలీ అని బోర్డుంది. కప్పు మీద ఎమిలీ. పిల్లల పుస్తకాల్లో వేసే స్టాంపు మీద ఎమిలీ, పక్కన నవ్వుతున్న మొహం. క్లాసులో వేసుకునే చెప్పులు కూడా రెడీగా ఉన్నాయి. వేసుకుని చూశా. సరిపోయాయి." కంచంలోకి చూస్తూ, "అదే నాకు నచ్చలేదు" అంది.

పద్ధతి ఇదీ. ఇంగ్లీషు టీచర్లు ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళిపోతారు. టీచర్ మారిందంటే తల్లులు పిల్లల్ని పక్కవీధి సెంటర్లో చేరుస్తారు. అందుకని ఆ డైరెక్టరమ్మ టీచర్‌ని మారుస్తుంది, పేరు మార్చదు. ఒకరు దిగిపోతే ఇంకొకరు వచ్చి అదే పేరులో, అవే చెప్పుల్లో నిలబడతారు. వెళ్ళిపోయేవాళ్ళు పిల్లలకు వీడ్కోలు చెప్పకూడదు. చివరిరోజు కూడా "సీ యూ టుమారో" అనాలి.

"మరి మొహం?" అన్నాను. "అక్కా, ఏమనుకోకు. ముందున్నావిడ తెల్లావిడే అయ్యుంటుంది కదా."

"ఏమనుకుంటా? నేనూ దానికే భయపడ్డా. తలుపు తీసుకుని లోపలికెళ్ళా. అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒకడు లేచి, ‘ఎమిలీ టీచర్, సెలవుల్లో బీచ్‌కి వెళ్ళారా?’ అన్నాడు."

నేను పడీ పడీ నవ్వాను. "జోకేశాడు!"

"జోకు కాదురా. జాలిపడ్డాడు. మర్నాడు జియాన్ అని ముందు బెంచీ పిల్ల, ఎండకు రాసుకునే క్రీము తెచ్చిచ్చింది. రోజూ రాసుకుంటే మళ్ళీ మామూలుగా అయిపోతారు టీచర్ అంది."

ఆ పిల్ల గురించి చెప్పేటప్పుడు మాత్రం అక్క గొంతు అక్కదిగానే ఉండేది. జియాన్‌కు అప్పుడు ముందు పళ్ళు రెండూ లేవు. పెన్సిలు చెక్కి ఇచ్చేది. వాన పడితే గొడుగు కింద అక్కను బస్టాపు దాకా దిగబెట్టేది, గొడుగు దాని ఎత్తుకే పట్టుకునేది కనుక అక్క వంగి నడిచేది.

ఇక అక్కడ అక్క ఉన్న ఇల్లు. ఒక్కటే గది. నేల కిందనుంచి వేడి వస్తుంది, చాప వేసుకుని పడుకుంటే వీపు కాగుతుంది. నాలుగో అంతస్తు, కానీ లిఫ్టులో నాలుగు అంకె ఉండదు, ఆ అంకె చావును గుర్తు చేస్తుందట. ఉతకడం అయిపోగానే వాషింగ్ మెషీన్ పాట పాడుతుంది. కింద కొట్లో పిల్లలు ఒక ట్యూషన్‌కీ ఇంకో ట్యూషన్‌కీ మధ్య కప్పు నూడుల్సు తింటూ, అద్దంలోంచి అక్కను చూసి చేతులూపేవారు. వెనక్కి చెయ్యూపడం మర్చిపోతే మర్నాడు నిలదీసేవారు. పెరుగన్నంలో అక్కడి క్యాబేజీ పచ్చడి, కిమ్చీ, నంజుకోవడం అక్క అక్కడే మొదలుపెట్టింది. ఇక్కడికొచ్చాక ఆంటీకి కూడా అలవాటు చేసింది.

"బాగుండేదిరా. నాకు ఇంకెక్కడా అంత బాగా లేదు. అదే చిక్కు" అనేది.

శుక్రవారం క్లాసు చివర్లో కథ చెప్పాలి. మొదటి శుక్రవారమే పిల్లలు, "టీచర్, మిగతా కథ" అన్నారు. ఏ కథ అంటే, మీరు చెప్పేదే కదా అన్నారు. మెల్లగా వాళ్ళతోనే చెప్పించుకుంది. మంచులో ఒక అమ్మాయి. చుట్టూ ఏమీ లేదు. దూరంగా ఒకే ఒక ఇంట్లో దీపం. నడిచి నడిచి వెళ్ళి తలుపు కొడుతుంది. లోపలివాళ్ళు "ఎవరు?" అంటారు. ఆ అమ్మాయికి తన పేరు గుర్తురాదు. వారానికో పేరు చెబుతుంది. లోపలివాళ్ళు కాదంటారు. అంతే కథ.

ఒక శుక్రవారం అక్కకు విసుగొచ్చి, "అప్పుడు తలుపు తెరుచుకుంది" అంది. క్లాసంతా బల్లలు బాదింది. నో, టీచర్! తలుపు తెరుచుకోదు. మీరే చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు కూడా అక్క "సీ యూ టుమారో" అనే వచ్చేసింది. కొత్త టీచర్ దొరికేదాకా పొద్దుటి ఫోన్ క్లాసులైనా చెప్పమని డైరెక్టరమ్మ బతిమాలింది. ఎమిలీ టీచర్‌కు జలుబు, అందుకే ఫోన్‌లోనే అని పిల్లలకు చెప్పారు. శీతాకాలం సగమయ్యాక మెసేజ్ వచ్చింది: కొత్త ఎమిలీ దొరికింది, వచ్చే గురువారంతో ఆఖరు.

ఆరోజు భోజనం దగ్గర అక్క కంచం ముందు కూర్చుని, "జియాన్‌కి ఒక్కదానికైనా నా పేరు చెప్పాలి" అంది.

"చెప్పు. ఎవరొద్దన్నారు?"

"నీకర్థం కాదురా. దానికి పళ్ళు రావడం చూశాను. సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగితే ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళా. అది నన్ను ఎంత లవ్ చేస్తుందో నాకు తెలుసు. కానీ అదంతా ఎమిలీకి పోయింది. ఒక్కళ్ళకు కూడా తెలియకపోతే, ఆ మూడేళ్ళు నేను లేనట్టే కదా?"

ఆంటీ గరిటె కింద పెట్టింది. "పేరు పెట్టింది నేను. మా అత్తతోని కొట్లాడి పెట్టిన. ఆ పిల్లలకు చెప్పేది తర్వాత, ముందు నేను పిలిస్తే పలుకు."

అక్కకు మాత్రం భయం. చెబితే పిల్ల బెదిరిపోతుందేమో. అసలు ముందున్నావిడ ఎవరికైనా చెప్పిందో లేదో తెలుసుకోవాలంది. ఆవిడ వదిలేసి వెళ్ళిన మంచు బూట్ల లోపల, ఇక్కడి బడిపిల్లలకు తల్లులు రాసినట్టు, మార్కర్‌తో కొలీన్ అని పేరుండేదట. పాత టీచర్ల ఫేస్‌బుక్ గ్రూపులో వెతికితే పక్క రాష్ట్రంలో, సస్కటూన్‌లో దొరికింది. ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని మాట్లాడాలంది అక్క. మంచులో హైవే మీద నడపడానికి ఆమెకు ధైర్యం చాలదు కనుక నన్ను బయల్దేరదీసింది.

ఆ దారి గురించి చెప్పడానికేమీ లేదు. తెల్లటి నేల, తెల్లటి ఆకాశం, మధ్యలో గీత కూడా లేదు. ఎక్కడో దూరంగా పొలంలో ఒకే ఇల్లు, పట్టపగలే లైటు వెలుగుతూ కనపడింది. అక్క దానివైపే చూస్తూ కూర్చుంది. అరగంట నడిపినా అది వెనక్కి పోలేదు. ఈ మైదానాల్లో దూరం అలాగే మోసం చేస్తుంది, నాకు తెలుసు. అయినా రేడియో పెట్టాను.

కాఫీ షాపులో కలుద్దామంది కొలీన్. విత్తనాల ల్యాబ్‌లో పనిచేస్తుందట. నలభై ఏళ్ళుంటాయి, ఎర్రజుట్టు. అక్కకూ ఆమెకూ ఏ పోలికా లేదు. ఇద్దరూ కూర్చున్నాక నేను కాఫీలు తెస్తూ, ఊరుకోలేక, వెనకనుంచి "ఎమిలీ!" అన్నాను.

ఇద్దరూ ఒకేసారి తిరిగారు. ఇద్దరి మొహాల మీదా ఒకటే నవ్వు. ఆ స్టాంపు మీద వేసే నవ్వు అదేనని నాకు అప్పుడర్థమైంది. ట్రేలో సగం కాఫీ ఒలికింది.

"ఇంకెప్పుడూ అలా చెయ్యకు, ప్లీజ్" అంది కొలీన్.

వాళ్ళ ఇంగ్లీషు మాటలు నా తెలుగులో చెబుతున్నాను. అక్క ముందుగా కథ సంగతి అడిగింది. "ఆ మంచులో అమ్మాయి కథ, నువ్వు మొదలుపెట్టిందేనా?"

"నేనా? నేను వెళ్ళేసరికే ఆ అమ్మాయి తలుపు దగ్గరుంది. పిల్లలే చెప్పారు."

"అంటే నీ ముందు కూడా..."

"నేనే మొదటిదాన్ననుకున్నావా?" కొలీన్ నవ్వబోయి ఆగిపోయింది. "బూట్లు నావి. చెప్పులు నావి కావు. నేను వెళ్ళేసరికే ఉన్నాయి. సరిపోయాయి."

అక్క తన పాదాలవైపూ, ఆమె పాదాలవైపూ చూసింది. కొలీన్ ఆరడుగుల మనిషి. అక్క నా భుజం దాకా రాదు.

"నీ అసలు పేరు ఎవరికైనా చెప్పావా?" అంది అక్క చివరికి.

"చివరిరోజు చెబుదామనే వెళ్ళాను. ఆ చిన్నపిల్ల, పళ్ళు లేనిది, మెట్లదాకా వచ్చింది. నోరు తెరిచాను. సీ యూ టుమారో అని వచ్చింది. విమానం ఎక్కేదాకా ఏడుస్తూనే ఉన్నాను." కొలీన్ అక్క చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పు. నువ్వైనా చెప్పు."

లేచేటప్పుడు కోటు వేసుకుంటూ కొలీన్ అడిగింది, "అవునూ, ఇంతసేపూ మాట్లాడుకున్నాం, ఇంతకీ నీ పేరేంటి?"

"ఎమ్..." అంది అక్క. ఆగిపోయింది. ఆగి, నావైపు చూసింది. నేనే చెప్పాల్సొచ్చింది.

గురువారం సాయంత్రం వ్యాన్ డ్యూటీకి ఆలస్యమవుతున్నా కదల్లేదు, గొట్టం కింద కూర్చున్నాను. అక్క లాప్‌టాప్ స్పీకర్‌లోంచి జియాన్ గొంతు కూడా వినపడుతుంది. పొద్దున ఏం తిన్నావు, గుడ్డు తిన్నాను, బయట వాతావరణం ఎలా ఉంది, చలిగా ఉంది టీచర్. అప్పుడు ఆ తళతళలాడే గొంతు ఆగి, అక్క బొంగురు గొంతు వచ్చింది.

"జియాన్, ఇవాళ నీకొక సంగతి చెప్పాలి. నా పేరు ఎమిలీ కాదు."

ఫర్నెస్ అప్పుడే ఆగింది.

"నా పేరు ధరణి."

ఆ పిల్ల ఒక్కో అక్షరం పట్టి పట్టి అంది, "ధ, ర, ణి." బాగా పలికింది. మన పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్ళు కూడా అంత బాగా అనరు.

"అది ఎవరి పేరు టీచర్?"

"నాది, జియాన్."

"ఎమిలీ టీచర్ పేరు ఎమిలీ" అంది ఆ పిల్ల. వాదన కాదు. చిన్నవాళ్ళకు పెద్దవాళ్ళు నచ్చజెప్పినట్టు అంది. ఆ తర్వాత ఒక్కసారిగా గొంతులోకి సంతోషం వచ్చింది. "ఓ! ధరణి అంటే తలుపు బయట ఉన్న అమ్మాయి! పేరు దొరికింది!"

"కాదు జియాన్, ఆగు..."

"నేను అందరికీ చెప్తాను. బస్ వచ్చింది. సీ యూ టుమారో, ఎమిలీ టీచర్!"

టక్కున లైను పోయింది.

నేను పైకి వెళ్ళేసరికి అక్క కుర్చీలో అలాగే కూర్చుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. "చెప్పేశాన్రా. విన్నావా ఎంత బాగా పలికిందో! అది తప్పుగా అర్థం చేసుకుంటే చేసుకోనీ. పేరు తెలిసిందిగా."

నిజంగానే ఆ తర్వాత కొన్నాళ్ళు బాగుంది. ఆంటీ పిలిస్తే మొదటిసారికే పలికేది. ఇక్కడ ఒక డేకేర్‌లో ఉద్యోగానికి అప్లై చేసింది. నాలుగున్నరకు గొట్టంలోంచి వేడిగాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. నాకు హాయిగా ఉండాలి కదా, ఎందుకో ఆ టైముకు మాత్రం చెవి అటే ఉండేది.

అలాంటి ఒక సాయంత్రం, అక్క చపాతీ పిండి కలుపుతోంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఫోన్ మోగింది. అక్క చేతులకు పిండి, స్పీకర్ నేను నొక్కాను.

"హాయ్! దిస్ ఈజ్ ఎమిలీ!"

కత్తి నా చేతిలోనే ఆగింది. అదే గొంతు. పలచగా, తళతళలాడుతూ. అక్క నా ఎదురుగా నిలబడి ఉంది, పెదవులు కదల్లేదు.

"మీరు పాత ఎమిలీయేనా? డౌట్లుంటే అడగమని డైరెక్టర్ మీ నెంబరిచ్చారు" అంది ఆ అమ్మాయి. మాట తీరు చూస్తే ఇక్కడి పల్లెటూరి పిల్లలాగే ఉంది. "అంతా బాగుంది. చెప్పులు కూడా సరిపోయాయి. శుక్రవారం కథ ఒక్కటే అర్థం కావడం లేదు. మంచులో ధరణి నిలబడి ఉందంటారు పిల్లలు. ధరణి ఎవరు?"

అక్క చేతులు పిండిలోంచి తీయలేదు. "పేరు దొరికింది కదా, మరి తలుపు తీయొచ్చుగా" అంది మెల్లగా.

"నేనూ అదే అన్నాను. బల్లలు బాదేశారు. తలుపు తీస్తే కథ అయిపోతుందట. కథ అయిపోతే ఎమిలీ టీచర్ వెళ్ళిపోతుందట. ముందు బెంచీలో జియాన్ అని ఒక పిల్ల ఉంది, చాలా స్వీట్. పాపం ఆ అమ్మాయికి చలేస్తుంది కదా అన్నాను. ఫర్లేదు టీచర్, ధరణికి చలి అలవాటే అంది."

ఫోన్‌లో ఆ అమ్మాయి వెనకాల ఎక్కడో వాషింగ్ మెషీన్ పాట పాడుతోంది. అక్క ఆ పాట అయ్యేదాకా ఆగింది.

"అమ్మా, నీ పేరేంటి?"

"ఎమిలీ."

"అది కాదు. మీ అమ్మ పెట్టిన పేరు."

"ఓ, అదా!" నవ్వింది. నవ్వు ఆగింది. "ఒక్క నిమిషం... అదేంటి, నోట్లోనే ఆడుతోంది..." మళ్ళీ నవ్వింది, ఈసారి కాస్త భయంగా. "సారీ, పిల్లలు లైన్లో ఉన్నారు. సీ యూ టుమారో!"

ఫోన్ పెట్టేసింది.

అక్క కోటు వేసుకోలేదు, చేతులు కడుక్కోలేదు. హాల్లోంచి నడిచి, ముందు తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. బయట మైనస్ ముప్పై డిగ్రీలు. గాలికి తలుపు దానంతటదే మూసుకుని లాక్ పడింది.

కాసేపటికి తలుపు కొట్టిన చప్పుడైంది. వేళ్ళ కణుపులతో, మెల్లగా.

నేను పరిగెత్తుకెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేశాను. ఎవరో నాకు తెలుసు. మా ఇద్దరి మధ్యా చెక్క తప్ప ఏమీ లేదు. అయినా నా నోట్లోంచి ఆ మాట ఎందుకొచ్చిందో, ఇప్పటికీ తెలియదు.

"ఎవరు?" అన్నాను.

బయట ఏమీ లేదు. గాలి కూడా ఆగిపోయింది. నేను జవాబు కోసం ఆగాను. అవతల ఆమె కూడా జవాబు కోసం ఆగినట్టే అనిపించింది.

వెనకనుంచి ఆంటీ కర్ర ఊతంతో మోకాలు ఈడ్చుకుంటూ వచ్చి నన్ను ఒక్క తోపు తోసింది.

"అడుగుడేందిరా?" అంది. "తలుపు తియ్."

తియ్యమని నాకు చెప్పిందే గాని నాకోసం ఆగలేదు. తనే గొళ్ళెం లాగింది. పొగమంచుతో కలిసి చలి లోపలికి దూకింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, పిండి చేతులు ముందుకు చాపి, కనుబొమల మీద మంచు పట్టి. పెదవులు కదులుతున్నాయి. ఏదో వెతుక్కుంటున్నట్టు కదులుతున్నాయి.

"ఏం చెప్పకు బిడ్డా" అంది ఆంటీ, ఆ పిండి చేతుల్ని పట్టి లోపలికి లాగుతూ. "నేనేం అడగలే కదా. రా."